ఏనుగుగారి మోకాళ్ల కట్ట

పెద్ద అడవి అది. తూర్పు కొసన ఎవరైనా తుమ్మితే, పడమటి కొసనుంచి "శతాయుష్షు" అనే మాట వచ్చేసరికి రెండు రోజులు పట్టేది. అంత పెద్దది. ఆ అడవి నట్టనడుమ ఒక వాగు. పేరు గిలకల వాగు. పేరులో గిలకలున్నాయి కానీ వాగులో చప్పుడు లేదు. ఎందుకంటే దానికి అడ్డంగా ఓ రాతికట్ట కూర్చుంది.

ఆ కట్ట ఎందుకు కట్టారో చెబితే నవ్వుతారు. నవ్వండి, పరవాలేదు.

మూడు తరాల కిందట ఆ అడవిని ఏలిన ఏనుగుగారికి మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. పసరు వైద్యం చేసే కొండముచ్చు ముసలమ్మ వచ్చి నాడి చూసి, "పూటకో గంట నడుముల్లోతు నీళ్లలో నిలబడండి" అంది. గిలకల వాగులో నీళ్లు ఏనుగు మడమలు దాటవు. అంచేత అడవంతా కదిలి, రాళ్లు దొర్లించి, సందుల్లో బంకమట్టి కూరి, వాగుకి అడ్డకట్ట వేసింది. ఏనుగుగారు నిలబడ్డారు. నొప్పులు తగ్గాయో లేదో ఎవరికీ చెప్పకుండానే ఓ వేసవిలో కన్నుమూశారు. మిగతా ఏనుగులు కొండ దాటి వెళ్లిపోయాయి.

కట్ట మాత్రం ఉండిపోయింది. దాన్ని కాపాడ్డానికి పెట్టిన ఆఫీసు కూడా ఉండిపోయింది.

కట్ట పక్కన పెద్ద బండ కింద ఉండేది ఆ ఆఫీసు. పేరు 'ఏనుగుగారి మోకాళ్ల ఆనకట్ట పరిరక్షణ సంఘం'. అధ్యక్షుడు అడవిదున్న దొరబాబు. ఒళ్లు కొండంత, మాట ఒక్కటే: "చూద్దాం." ఎండగా ఉందండీ అన్నా చూద్దాం, అడవికి నిప్పంటుకుందండీ అన్నా చూద్దాం.

కార్యదర్శి నక్క గవరయ్య. ఆయనకి తెలియని నిబంధన లేదు. కావలసిన నిబంధన దొరక్కపోతే అప్పటికప్పుడు పుట్టించేవాడు.

ఇంజనీరు అలుగు. ఒళ్లంతా పెంకులు, ముక్కు సూది. పేరు అలుగు. కట్ట నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగును చూసుకోవడం ఆయన పని. అలవాటేమో అలగడం. ఎవరైనా ఎదురు చెబితే చాలు, బంతిలా చుట్టుకుపోయి ఆ పూటంతా విప్పుకునేవాడు కాదు.

నాలుగోవాడు కొంగ శాంతమూర్తి. మత్స్య సంక్షేమ అధికారి. చేపల కష్టసుఖాలు కనుక్కోవడం ఆయన ఉద్యోగం. రోజూ కట్ట కింద మడుగులో ఒంటికాలి మీద నిలబడి కనుక్కునేవాడు. ఆయన ఒకసారి కనుక్కున్న చేప మళ్లీ కష్టమని నోరెత్తిన దాఖలా లేదు.

ఇంతకీ ఆఫీసు ఏం చేసేదంటారా? వారానికోసారి బయటికొచ్చి కట్ట ఉందో లేదో చూసి, లోపలికెళ్లి "ఉంది" అని రాసుకునేది.

కట్ట పైన నడుముల్లోతు నీళ్లు ఏనాడో పోయాయి. ఏడాదికింత ఒండ్రు చేరి చేరి, అక్కడిప్పుడు ఆకుపచ్చ బురద, దాని మీద దోమలు. కట్ట కింద ఇసుక. జింకలు నీళ్ల కోసం రెండు కొండలు దాటి వెళ్లేవి. తాగి తిరిగొచ్చేసరికి మళ్లీ దాహం వేసేది. కట్ట రాళ్ల సందుల్లోంచి ఊరే నీళ్లతో కట్ట మొదట్లో ఒక్క మడుగు మాత్రం మిగిలింది. ఆ మడుగు ఒడ్డున, చెట్టు వేళ్ల కింద బొరియలో నీటికుక్క నూకాలు కాపురం.

నూకాలుకి ఒక్కచోట నిలబడడం చేతకాదు. సగం మాట ఈ ఒడ్డున చెప్పి, ఒక్క మునక వేసి, మిగతా సగం ఆ ఒడ్డున చెప్పేది. ఆమెతో మాట్లాడాలంటే మడుగు చుట్టూ పరుగెత్తాలి.

ఏటా తొలకరి పడగానే కట్ట మీంచి కాసిని నీళ్లు పొర్లి, కింద ఇసుకలో సన్నటి పాయ కట్టేది. ఆ తడి వాసన పట్టుకుని పెద్ద ఏటి నుంచి చేపలు ఎదురెక్కి వచ్చేవి. వాటికి పెద్దదిక్కు ముసలి వాలుగ మంగాయమ్మ. పొడుగాటి మీసాలు, అంతకన్నా పొడుగాటి పట్టుదల. వచ్చీరాగానే ఊపిరి బిగబట్టి, తోక ఝాడించి, ఎగిరి కట్టకి ముక్కు కొట్టుకునేది. 'ఠప్' మని చప్పుడయ్యేది. వెనక్కి పడేది. మళ్లీ ఎగిరేది.

ఆ ఏడు కూడా చప్పుడు విని నూకాలు బొరియలోంచి తల బయట పెట్టింది.

"ఏం మంగాయత్తా, మళ్లీ కొట్టుకున్నావా?"

"కొట్టుకోక? మా అమ్మమ్మ పుట్టింది ఆ పైన గులకరాళ్లలో. గుడ్లు అక్కడే పెట్టమని కడుపు చెబుతుంది. కుదరదు పొమ్మని ఈ గోడ చెబుతుంది. ఎవరి మాట వినమంటావు?"

"ఎన్నేళ్లుగా ఇలా?"

"ఇది పదకొండోసారి. ముక్కు చూడు, ఎంత చప్పిడైపోయిందో! పెళ్లినాటికి నాది కోటేరు ముక్కు, తెలుసా?"

మామూలుగా అయితే చేపలు నాలుగు రోజులు చూసి, గుడ్లు ఇసుకలోనే వదిలేసి, ఏడుస్తూ ఏటికి తిరిగి వెళ్లిపోయేవి. ఆ ఏడు అదీ కుదరలేదు. తొలకరి పడి ఆగిపోయింది. పాయ రెండు రోజుల్లో ఇంకిపోయింది. మంగాయమ్మ, ఆమె వెంట వచ్చిన నలభై చేపలు మడుగులో చిక్కుబడిపోయాయి. ముందు కట్ట, వెనక ఎండిన ఇసుక, పక్కన ఒంటికాలి మీద శాంతమూర్తిగారు.

"పొద్దున్నే ఇద్దరి కష్టాలు కనుక్కున్నారు" అంది మంగాయమ్మ గొంతు తగ్గించి. "అయినా నీకెందుకే ఈ జాలి? నువ్వు మాత్రం మమ్మల్ని తినవూ?"

నూకాలు మునిగి, అవతల తేలి చెప్పింది. "తింటాను, కాదనను. కానీ తరిమి, పట్టుకుని తింటాను. ఇలా చిక్కుబడి ఉన్నవాళ్లని తింటే నాకు అరగదత్తా. ఈ కట్ట పోయేదాకా మీలో ఒక్కరి మీద పన్ను వేస్తే ఒట్టు!"

"మరి అందాకా ఏం తింటావు?"

"పీతలు."

పక్కన వింటున్న పీత గబుక్కున బొరియలోకి దూరింది.

నూకాలు ఆ తడి ఒంటితోనే ఆఫీసుకి పరుగెత్తింది. "ఈ కట్ట తీసేయండి!" అంది.

అంతకుముందు ఆ మాట అక్కడ ఎవరూ అనలేదు. శాంతమూర్తి పైకెత్తి ఉంచిన కాలు మర్చిపోయి దింపేశాడు.

గవరయ్య తోక సర్దుకున్నాడు. "కూర్చోమ్మా నూకాలూ. ఎందుకు తీయాలి?"

"ఎందుకుండాలి?"

"ఏనుగుగారి మోకాళ్ల కోసం."

"ఏనుగుగారు పోయి మూడు తరాలైందండీ!"

"పోయారు సరే. పోయేనాటికి నొప్పులు తగ్గాయా?"

నూకాలు అలవాటుకొద్దీ మునగబోయి నేలకి ముక్కు కొట్టుకుంది.

"చూశావా! తగ్గినట్టు మన దగ్గర ఒక్క కాగితం లేదు. నొప్పి ఉన్నంతకాలం కట్ట ఉండాలని నిబంధన. తగ్గిందని వైద్యం చేసినవారి ధ్రువపత్రం పట్టుకురా."

"వైద్యం చేసిన కొండముచ్చు ముసలమ్మ కూడా పోయింది కదండీ!"

"అయ్యో పాపం. అయితే ఆవిడ పోయినట్టు ఇంకో పత్రం."

దొరబాబు కళ్లు మూసుకుని, "చూద్దాం" అన్నాడు.

ఇంకొకరైతే అక్కడే నమస్కారం పెట్టి వదిలేసేవారు. నూకాలు వదల్లేదు. నీళ్లలో తప్ప నడవడం అలవాటు లేని పొట్టి కాళ్లతో రెండు కొండలెక్కి, కొండముచ్చు మనవరాలిని వెతికి పట్టుకుంది. ఆ పిల్ల తోక గోక్కుంటూ ఆలోచించి, మోదుగాకు మీద రాసిచ్చింది: "మా అవ్వ చెప్పిన ప్రకారం ఏనుగుగారికి ఎడమ మోకాలు పూర్తిగా తగ్గింది. కుడి సంగతి అవ్వ చెప్పలేదు."

గవరయ్య ఆకును అటూ ఇటూ తిప్పి చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"శుభం! అయితే సగం కట్ట తీయొచ్చు. ఎడమ సగం."

నూకాలు ఎగిరి గంతేసింది. "తీయండి మరి!"

"తొందరపడకు. ఎడమంటే ఎటు? పైనుంచి చూస్తే ఒకటి, కిందనుంచి చూస్తే ఇంకోటి. అది తేల్చడానికి ఉపసంఘం వేద్దాం."

ఉపసంఘం వెళ్లింది. కట్ట పైన నిలబడి చూసింది, ఎడమ తెలిసింది. కింద నిలబడి చూసింది, ఆ ఎడమ కుడైపోయింది. సభ్యులు కంగారుపడి మళ్లీ పైకెక్కారు. ఇలా పన్నెండు రోజులు ఎక్కారు, దిగారు. చివరికి "కట్టకి రెండు ఎడమలున్నవి" అని నివేదిక ఇచ్చి విశ్రాంతి తీసుకున్నారు.

ఆ పన్నెండు రోజుల్లో మడుగు జానెడు తగ్గింది. వచ్చిన నలభై ఒక్క చేపల్లో ముప్ఫై మిగిలాయి. మంగాయమ్మ కడుపు గుడ్లతో బరువెక్కి అడుగునే ఉంటోంది. పైకి రమ్మంటే, "పైకొస్తే అధికారిగారు పలకరిస్తారే" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వలేదు.

నూకాలు ఆ రోజు పీతలు కూడా తినలేదు. నేరుగా కిందికి పరుగెత్తి జింకల్ని లేపింది. అడవిపందుల్ని లేపింది. దుమ్ములో స్నానం చేసి చేసి విసిగిపోయిన పిట్టల్ని లేపింది. మర్నాడు పొద్దున్నే బండ ముందు ఇసుక వేస్తే రాలనంత జనం! "కట్ట తీయాలి! వాగు కావాలి!" అని ఒకటే అరుపులు. కోతులకి సంగతి తెలియకపోయినా చెట్లెక్కి అందరికన్నా గట్టిగా అరిచాయి.

లోపల దొరబాబుకి చెమటలు పట్టాయి. వచ్చే పౌర్ణమికి అధ్యక్ష ఎన్నికలు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన మాట మార్చాడు.

"గవరయ్యా... ఏం చూద్దాం?"

"కంగారుపడకండి" అన్నాడు గవరయ్య. "కట్ట తొలగింపుకి శంకుస్థాపన చేద్దాం."

"తీసేయడానికి శంకుస్థాపనేమిటోయ్?"

"ఒక్కటి చెప్పండి. శంకుస్థాపన చేసిన పని మన అడవిలో ఒక్కటైనా పూర్తయిందా?"

దొరబాబు గిట్టల మీద లెక్కపెట్టాడు. "లేదు."

"అదీ సంగతి. 'ఆనకట్ట తొలగింపు శాఖ' అని ఒకటి పెడదాం. దాని ఆఫీసు కట్ట మీదే కడదాం. ఆఫీసు ఉన్నంతకాలం కట్ట తీయడం ఎలా కుదురుతుంది? తొలగింపు శాఖ పదికాలాలపాటు చల్లగా ఉంటుంది."

దొరబాబు గవరయ్యని కావిలించుకోబోయాడు. కొమ్ములు అడ్డొచ్చాయి. బయటికొచ్చి, బండ ఎక్కి ప్రకటించాడు. "మీ కోరిక తీరింది! కట్ట తొలగిస్తున్నాం! గురువారం ఉదయం శంకుస్థాపన!"

జనం ఈలలు వేసి, చప్పట్లు కొట్టి, గొంతులెండిపోయి, నీళ్లు తాగడానికి రెండు కొండల అవతలికి వెళ్లిపోయారు.

శిలాఫలకం పని మొదలైంది. మొదట దొరబాబు పేరు. తర్వాత గవరయ్య పేరు. తర్వాత అలుగు పేరు, శాంతమూర్తి పేరు. ఉపసంఘంవాళ్లు తమ పేర్లేవని అడిగారు. పెద్ద రాయి తెచ్చారు. ముఖ్య అతిథులు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు తయారయ్యారు. ఇంకా పెద్ద రాయి తెచ్చారు. పేర్లు చెక్కుతున్న కోతులు కాస్త ఖాళీ దొరికిన చోటల్లా తమ పేర్లు కూడా చెక్కేసుకున్నాయి. చివరికి తేలిన రాయిని లాగడానికి ఎనిమిది దున్నలు కావలసి వచ్చాయి.

అంత రాయి ఎక్కడ పెట్టాలి? "కట్ట నడిమధ్య, అందరికీ కనబడేలా" అన్నాడు గవరయ్య. "ఆ నల్లరాయి ఒకటి పీకేస్తే సరిగ్గా దూరుతుంది."

బుధవారం సాయంత్రం ఆ కొలతలు తీస్తుంటే నూకాలు చూసింది. నీళ్లోడుతూ పరుగెత్తుకొచ్చింది.

"అక్కడ మాత్రం వద్దండీ! రోజూ మునిగి లోపల చూసేదాన్ని నేను చెబుతున్నాను. కట్ట బరువంతా ఆ నల్లరాయి మీదే ఉంది. అది పీకితే మొత్తం కూలుతుంది!"

గవరయ్య నవ్వాడు. "తీసేయమని గోల పెట్టిందీ నువ్వే, కూలుతుందని ఏడ్చేదీ నువ్వేనా?"

"తీయడం వేరు, కూలడం వేరండీ! పైనుంచి ఒక్కో రాయి దింపితే నీళ్లు మెల్లగా దిగుతాయి. ఇలా చేస్తే ఒక్కసారి మీద పడతాయి. కట్ట మీద మీరంతా ఉంటారు. కింద ఇసుకలో జింకలు పిల్లలతో పడుకుని ఉంటాయి."

ఇంజనీరు అలుగు ముక్కు ఎర్రబడింది. "ఇక్కడ ఇంజనీరు ఎవరు? నేనా, చేపలు తినే ఈ మనిషా?" అని అరిచి, మనిషి అన్నందుకు తనే నాలిక్కరుచుకుని, ఆ సిగ్గుతో ఇంకా కోపం వచ్చి, బంతిలా చుట్టుకుపోయాడు. బంతిలోంచి గొంతు మాత్రం వినిపించింది. "నల్లరాయే పీకాలి! ఇంకో రాయి మీద చెయ్యి వేశారో, నేను విప్పుకోను!"

ఇంజనీరు విప్పుకోకపోతే శంకుస్థాపనకి ముహూర్తం తప్పుతుంది. అందుకని అందరూ బతిమాలి నల్లరాయికే ఒప్పుకున్నారు.

అక్కడితో అయినా ఆగారా? మూడు రోజులుగా పై కొండల మీద వాన దంచుతోంది. కట్ట వెనక నీళ్లు పెరిగి అలుగు మీంచి జారుతున్నాయి. "రేపు అతిథుల కాళ్లు తడుస్తాయేమో" అన్నాడు గవరయ్య. అలుగు వెళ్లి అలుగుని బంకమట్టితో మూసేశాడు. అలుగు అలుగుని మూయడమేమిటో అర్థం కాక కోతులు పొట్టలు పట్టుకుని నవ్వాయి.

నూకాలుకి మాత్రం నవ్వు రాలేదు. ఆమె కోరుకున్నది వాగు. జింకపిల్లల మీద పడే వరద కాదు. వీళ్లతో వాదించడానికి ఇక పొద్దు లేదని తెలిసిపోయింది.

తెల్లవారగానే ముందు మడుగులోకి దూకింది. "అత్తా! అందర్నీ తీసుకుని నా బొరియలోకి దూరు. వేళ్లు గట్టివి, వరద ఆగుతుంది."

"నీటికుక్క బొరియలోకా?" ముప్ఫై చేపలూ ఒక్కసారే అన్నాయి.

"ఆలోచించుకోవడానికి ఉపసంఘం వేస్తారా ఏం? దూరండి!"

చేపలు నీటికుక్క ఇంటికి తమంతట తాము వెళ్లడం ఆ అడవిలో అదే మొదలు.

తర్వాత ఇసుక వెంట పరుగు. "కొండెక్కండి! కొండెక్కండి! కట్ట కూలుతోంది!" జింకలు తలలెత్తి చూశాయి. "మొన్ననే కదా కట్ట తీయాలన్నావు?" అంది ఒకటి. "ఇప్పుడు కొండెక్కమంటున్నాను!" అంటూ నూకాలు దాని తోక కొరికింది. తోక కొరికితే ఎవరికైనా మాట త్వరగా అర్థమవుతుంది. జింకలు పిల్లల్ని తోసుకుంటూ ఒడ్డెక్కాయి. పందులు ఎక్కాయి. ఒక్క ముసలి దుప్పి మాత్రం ఇసుకలో వెల్లకిలా పడుకుని కదల్లేదు.

"నా వయసులో పంతొమ్మిది శంకుస్థాపనలు చూశానే పిల్లా. ఒక్కటీ చుక్క నీరు రాల్చలేదు. నన్ను నిద్రపోనీ."

అటు కట్ట మీద సభ మొదలైంది. అడవిలోని పెద్దలంతా కట్ట మీదే కూర్చున్నారు. గవరయ్య స్వాగతం పలికాడు. ఆ స్వాగతానికి ధన్యవాదాలు చెప్పారు. ఆ ధన్యవాదాలకి ధన్యవాదాలు చెప్పారు. దొరబాబు మెడలో ఎన్ని పూలదండలు వేశారంటే ఆయన ముందు ఏముందో ఆయనకే కనబడలేదు. శాంతమూర్తి చేపల భవిష్యత్తు గురించి మాట్లాడుతూ రెండుసార్లు గుటకలు మింగాడు.

"ఇక రాయి పీకండి!" అన్నాడు గవరయ్య.

ఎనిమిది దున్నలు ఊడలు కట్టి లాగాయి. నల్లరాయి కదిలింది. ఊడింది. దొర్లుకుంటూ మడుగులో పడింది.

ఏమీ జరగలేదు.

గవరయ్య చేతులు చాచి అందరి వైపూ తిరిగాడు. "చూశారా! ఆ నూకాలు ఎంత అన్యాయంగా..."

'కళుక్' అని ఒక చప్పుడు. కన్నంలోంచి సన్నటి నీటిధార చిమ్మి, ప్రసంగం కాగానే చేపల కోసం కింద మడుగులోకి దిగిన శాంతమూర్తి మొహాన కొట్టింది. తర్వాత ధార లావైంది. తర్వాత ఎనిమిది దున్నలు లాగి తెచ్చిన శిలాఫలకం, పేర్లన్నిటితో సహా, మెల్లగా పక్కకి ఒరిగింది.

దొరబాబు దండల్లోంచి అడిగాడు. "ఏమిటా చప్పుడు?"

"ఏం లేదండీ, చూద్దాం!" అన్నాడు గవరయ్య.

కట్ట కూలింది.

అబ్బ! మూడు తరాలు కూర్చున్న వాగు ఒక్కసారి లేచి పరుగెత్తితే ఎలా ఉంటుంది! రాళ్లు, బురద, దండలు, కుర్చీలుగా వేసిన దుంగలు, ఆత్మీయ అతిథులు, అన్నీ కలిసి బయలుదేరాయి. దొరబాబు దుంగలా తేలాడు. గవరయ్య ఆయన కొమ్ము పట్టుకుని వేలాడాడు. అలుగు బంతిలా చుట్టుకుని రాయి నుంచి రాయికి టప్పుటప్పున ఎగురుతూ అందరికన్నా ముందు పోయాడు. కోతులు దుంగల మీద నిలబడి, "ఇంకోసారి! ఇంకోసారి!" అని కేరింతలు కొట్టాయి. అంత వరదలోనూ గవరయ్య కార్యదర్శే. నోట్లోకి వచ్చిన నీళ్లు ఉమ్మి అరిచాడు.

"అత్యవసర సమావేశం! వరద తక్షణం ఆగవలెనని తీర్మానం! ఎవరు బలపరుస్తారు?"

"బుడబుడబుడ" అన్నాడు దొరబాబు.

"ఏకగ్రీవం!" అన్నాడు గవరయ్య, మునిగిపోతూ.

తీర్మానం ఆమోదం పొందినా వరద ఆగలేదు.

కింద ముసలి దుప్పి పడుకున్న చోటికి ముందుగా చప్పుడొచ్చింది. నూకాలు అతని తోకని, చెవిని, మళ్లీ తోకని కొరుకుతూనే ఉంది. దుప్పి తల తిప్పి చూశాడు. గోధుమరంగు గోడ ఒకటి మలుపు తిరుగుతోంది. అతని వయసు ఏమైందో తెలియదు. నూకాలుని వీపు మీద వేసుకుని ఒక్క ఉరుకులో ఒడ్డెక్కాడు. వెనక గిట్టలు తడిశాయి.

"ఇరవయ్యోది పనిచేసిందే!" అన్నాడు వగరుస్తూ.

రెండు రోజులు వాగంతా బురదే. మూడోనాటికి తేటపడింది. ఒండ్రు కింద పడి ఉన్న గులకరాళ్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి, తెల్లవి, ఎర్రవి, చారలవి. వాటి మీద నీళ్లు దూకుతుంటే గలగలమని ఒకటే మోత. ఆ అడవిలో పుట్టిన వాళ్లెవరికీ వాగుకి చప్పుడుంటుందని తెలియదు. జింకపిల్లలు మొదట బెదిరి పారిపోయాయి. తర్వాత దగ్గరికొచ్చి చెవులు రిక్కించాయి. తర్వాత దిగి, చప్పుడు చేస్తున్నదెవరా అని నీళ్లలో మూతులు పెట్టి వెతికాయి.

బొరియలోంచి చేపలు బయటికొచ్చాయి. ముప్ఫైకి ముప్ఫై ఉన్నాయి. మంగాయమ్మ అలవాటు ప్రకారం ఊపిరి బిగబట్టి, తోక ఝాడించి, కళ్లు గట్టిగా మూసుకుని ఎగిరింది. 'ఠప్' అనలేదు. అంత వేగంగా వెళ్లి నాలుగు బారల అవతల పడి, కళ్లు తెరిచి, "గోడేదే?" అంది.

"లేదత్తా!"

మంగాయమ్మ కాసేపు అక్కడే తిరిగింది. ముక్కు రాళ్లకి రాసుకుంది. ఏడ్చిందేమో, నీళ్లలో ఏం తెలుస్తుంది? తర్వాత అంది. "కట్ట పోయింది. అంటే నీ ఒట్టు కూడా పోయినట్టే కదటే?"

"పోయింది."

"మరి?"

"ముందు పైకెళ్లి గుడ్లు పెట్టి రా. తిరిగొచ్చేటప్పుడు తరుముతాను. పీతలు తిని ఒళ్లు చేశాను, కొంచెం మెల్లగా ఈదు."

"నేనా? మెల్లగానా?" అని మంగాయమ్మ పగలబడి నవ్వుకుంటూ ఎదురెక్కి వెళ్లిపోయింది. మరుసటేడు తొలకరికి ఆమె మళ్లీ వచ్చింది కాబట్టి, ఆ పరుగులో ఎవరు గెలిచారో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఆఫీసు. వాగు దాన్ని ఎనిమిది మలుపుల కింద బురదలో దించింది. ఎవరికీ ఏమీ కాలేదు. గవరయ్య లేచి దగ్గి, చెవుల్లో నీళ్లు దులుపుకుని, ముందు హాజరు తీసుకున్నాడు. తర్వాత నివేదిక రాశాడు: "ఆనకట్ట తొలగింపు శాఖ, ఏర్పడిన నాడే, శంకుస్థాపన జరుగుచుండగానే, పనిని విజయవంతముగా పూర్తి చేసినది." పౌర్ణమికి దొరబాబు పోటీ లేకుండా గెలిచాడు. 'నీటిలో దొర్లు విధానము'పై విశేష అనుభవం ఉందని అలుగుని చీఫ్ ఇంజనీరు చేశారు. శాంతమూర్తి మాత్రం కొత్త వాగులో చేపలు ఒక్కచోట ఆగి కష్టాలు చెప్పడం లేదని బదిలీ పెట్టుకుని పక్క అడవికి పోయాడు.

లేని కట్టకి పరిరక్షణ సంఘం ఎందుకని ఎవరూ అడక్కముందే గవరయ్య బోర్డు మార్చేశాడు: 'గిలకల వాగు ప్రవాహ పర్యవేక్షణ సంఘం'. రోజూ పొద్దున్నే దొరబాబు వాగుకి ఉత్తర్వు ఇస్తాడు: "నేడు పైనుంచి కిందికి పారవలెను." సాయంత్రం గవరయ్య వెళ్లి చూసి, "పారినది" అని రాసుకుంటాడు. ఇంతవరకూ ఒక్క ఉత్తర్వు కూడా వాగు ధిక్కరించలేదని వాళ్లకి మహా గర్వం.

ముసలి దుప్పికి ఇది చూస్తే ఒళ్లు మండింది. "వాగు పారితే ఆ గొప్ప వాళ్లదిట! నువ్వేమీ అనవేమే నూకాలూ?"

నూకాలు ఈ ఒడ్డున మునిగి ఆ ఒడ్డున తేలింది. "రాసుకోనీ తాతా. రాసుకుంటున్నంతసేపు రాళ్ల జోలికి వెళ్లరు."

నీతి: కదలని పనికి అర్జీలు పెట్టి అలసిపోకండి, ఒక శంకుస్థాపన చేయించండి; వచ్చిన పెద్దల బరువుకే కదులుతుంది.